నిన్న సాయంత్రం నుంచి

పెద్దమేస్త్రీ కన్ను డాక్టర్లు ఊడబీకి, గిన్నెలో వేసి కడిగి, మళ్ళీ పెట్టేశారనీ, పెట్టడంలో వెనకది ముందుకొచ్చిందనీ, అందుకే ఆయన పది రోజులుగా నేలకేసి చూస్తూ పడున్నాడనీ ఎదురింటి ఇస్త్రీబండి ఆవిడ కుళాయి దగ్గర చెప్పిందట. చెప్పిందని పాలాయన అన్నాడు. పాలాయనతో ఆ మాట అన్నది కూడా ఆవిడ కాదు, ఆవిడ కోడలు. కోడలు తన వంతుగా ఇంకో ముక్క కలిపింది. ఆ కన్ను ఇప్పుడు లోపలివైపు చూస్తుందట, ఆయన మెదడు ఆయనకే కనబడుతోందట.

"కనబడితే మంచిదేగా. ఉందో లేదో పదిహేనేళ్ళ నుంచి నాకూ అనుమానమే," అంది పెద్దమేస్త్రీ భార్య, పాలు గిన్నెలో పోయించుకుంటూ.

ఆవిడ తమ్ముడు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు కూడా. కోతమిల్లులో అందరూ అతన్ని చిన్నమేస్త్రీ అంటారు. అది హోదా కాదు, వెటకారం. రంపానికి ఇవతల నిలబడి దుంగని తోసేది పెద్దమేస్త్రీ, అంటే అతని బావ. అవతల నిలబడి, కోసుకొచ్చిన పలకని అందుకుని లాగేది ఇతను. తోసేవాడిది మేస్త్రీ పని, లాగేవాడిది కూలి పని. పన్నెండేళ్ళుగా లాగుతూనే ఉన్నా నడక మాత్రం మేస్త్రీలాగే నడుస్తాడని ఆ పేరు తగిలించారు.

ఇస్త్రీబండి ఆవిడ ఊహ ఎంత దూరం పరుగెత్తినా అసలు సంగతి దాకా పోలేదు. అది తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు లోపల మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. రెండోవాడు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

ఆ సంగతి ఒక సోమవారం పొద్దున మొదలైంది. ఇంకా మోటారు వెయ్యలేదు. బావ రంపం పళ్ళు చూస్తూ చూస్తూ ఎడమకన్ను మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"ఒరే, ఈ కుడికంట్లో కింద నుంచి నల్లగా ఏదో లేస్తోందిరా. గోనెపట్టా కట్టినట్టు."

అప్పటికి రెండ్రోజులుగా ఆ కంట్లో వెల్డింగు మెరుపుల్లాంటివి వస్తున్నాయట, మసి రేణువులు ఎగురుతున్నాయట. రంపంపొట్టు పడిందనుకుని నీళ్ళు కొట్టుకుంటూ వచ్చాడు. పొట్టు పడని కన్ను కోతమిల్లులో ఎవరికుంది గనక.

ఆ వారం మిల్లులో పడవలు కట్టేవాళ్ళ సరుకు ఉంది. ఒక్కొక్క దుంగ ఇద్దరు మనుషులు చేతులు కలిపినా అందనంత లావు. ఇవి శనివారానికి తెగితే రెండో రంపం బిగిస్తాననీ, దాని ఇవతల చిన్నమేస్త్రీని నిలబెడతాననీ మిల్లు యజమాని నలుగురిలో అన్నాడు. తెగకపోతే పక్క జట్టు కాచుకుని కూర్చుంది.

"శనివారం దాకా ఆగు బావా," అన్నాడు చిన్నమేస్త్రీ. "పొట్టే అయ్యుంటుంది. ఇప్పుడు నువ్వు ఆస్పత్రంటే వీళ్ళు పక్క జట్టువాణ్ణి తెచ్చి నిలబెడతారు. సరుకూ వాళ్ళదే, రంపమూ వాళ్ళదే."

"అంటే నీ రంపం కోసం నా కన్ను ఆగాలి."

"నా రంపం అంటే నీది కాదా?"

"నాదెందుకవుతుందిరా, పెళ్ళిలో నువ్వు నా చెప్పులు కూడా వెనక్కివ్వలేదు," అని బావ నవ్వాడు. మోటారు వెయ్యమని చెయ్యి ఊపాడు.

మంగళవారానికి తెర సగం కంటికి వచ్చేసింది. బుధవారం చూసుకుంటే, ఆ కంటికి ఎదురుగా నిలబడ్డ బావమరిదిలో జుట్టు తప్ప మొహం లేదు. ఎడమకంటి మీద నెట్టుకొచ్చాడు. ఇంట్లో ఇద్దరూ నోరు విప్పలేదు. అక్కకి తెలిస్తే ఆ పూటే చెవి పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోతుందని ఇద్దరికీ తెలుసు. శనివారం మధ్యాహ్నం ఆఖరి దుంగ తెగింది. పొట్టు చొక్కాలతోనే ఆస్పత్రికి వెళ్ళారు. కబురు అందుకుని అక్క చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

కంట్లో చుక్కలు వేసి, గోడవారగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. చేతివేళ్ళ ముడతల్లోనూ కనుబొమల్లోనూ తెల్లగా పిండి.

"మీకూ తెరేనా?" అంది.

"తెరేనండి," అన్నాడు బావ.

"నాకు బుధవారం పడింది. పిండిమర నాది. మరలో పిండి లేచి అలా ఉందేమో అనుకున్నా. మర ఆపేశాక కూడా పిండి ఆగలేదు. అప్పుడు అనుమానం వచ్చింది."

డాక్టరమ్మ నడివయసు మనిషి, మాట పొదుపు. నుదుటికి దీపం కట్టుకుని ఇద్దరి కళ్ళూ ఒకరి తర్వాత ఒకరివి చాలాసేపు చూసింది. ఆ తర్వాత కాగితం తీసి బావని అడిగింది.

"తెర పడి ఎన్నాళ్ళయింది?"

బావ నోరు తెరిచాడు.

"నిన్న సాయంత్రం నుంచి," అన్నాడు చిన్నమేస్త్రీ.

వాళ్ళింట్లో డాక్టరు దగ్గర రోజులు ఉన్నవి ఉన్నట్టు చెప్పిన మనిషి లేడు. పది రోజుల జ్వరం ఆస్పత్రి మెట్లెక్కేసరికి మొన్నటి జ్వరం అయిపోయేది. నెల్లాళ్ళ దగ్గు వారానికి దిగేది. వాళ్ళ నాన్న కాలు నల్లబడి కుళ్ళేదాకా 'రెండ్రోజులేనండి' అనే మాట మీద నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని నలుగురిలో కసిరితే తల ఎక్కడ పెట్టుకుంటాం. పైగా కొత్త రోగమంటే శ్రద్ధగా చూస్తారు, ముదిరిన రోగమంటే పెదవి విరుస్తారు. సంతలో బేరమాడినట్టు రోజులు తగ్గించి చెప్పడం వాళ్ళకి పాలతో వచ్చిన విద్య. అందుకని చిన్నమేస్త్రీ ఆ మాట ఆలోచించి అన్నది కాదు. నోరే అనేసింది. పైగా వెనక అక్క నిలబడి ఉంది.

బావ మెల్లిగా తల తిప్పి, బాగున్న కంటితో అతన్ని చూశాడు. డాక్టరమ్మ రాసుకుంది.

"కంటి వెనక గోడకి పలచటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. చూపంతా అదే. మీకు దానికి చిరుగు పడి, నీరు దూరి, గోడ నుంచి ఊడి వచ్చేసింది. నడిమి భాగం కూడా లేచిపోయింది. అక్షరం చదవాలన్నా మొహం గుర్తుపట్టాలన్నా ఆ నడిమి భాగమే కావాలి. అది ఎన్నాళ్ళు ఊడి ఉంటే అంత పాడైపోతూ ఉంటుంది."

"ప్లైవుడ్ మీద పైపొర ఉబ్బినట్టా అమ్మా?" అన్నాడు బావ.

"అచ్చం అలాగే. తొందరగా అదిమితే సాఫుగా అంటుకుంటుంది. ఆలస్యమైతే అంటుకున్నా ముడత ఉండిపోతుంది. మీది ఒక్కరోజే కాబట్టి ఈ సాయంత్రమే అతికిస్తే చూపు చాలావరకు తిరిగి రావాలి."

రావాలి అన్న మాట పట్టుకుని అక్క ఏడవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ పిండిమరావిడ వైపు తిరిగింది.

"అమ్మా, ఈ సాయంత్రం మీకు చేద్దామనుకున్నాను. ఉన్నది ఒక్క ఆపరేషన్ బల్ల. రేపు ఆదివారం, మనుషులుండరు. మీది నాలుగు రోజులైంది, ఈయనది నిన్ననే. మీకు సోమవారం చేస్తాను. సరేనా?"

"నాకేం తల్లీ, రెండ్రోజుల్లో కొంపలేం మునిగిపోతాయి. రంపం దగ్గర పనిచేసే మనిషి పాపం, ముందు ఆయనకే చెయ్యండి. నేను చేత్తో తడుముకునైనా పిండి పడతా."

చెప్పేయడానికి అప్పటికీ సమయం ఉంది. రంపం ఎక్కడికీ పోదు, సరుకు తెగిపోయింది. చెబితే అక్క నాలుగు తిట్టేది, డాక్టరమ్మ రెండు తిట్టేది, అంతే. కానీ అక్క ఆ పిండిమరావిడ రెండు చేతులూ పట్టుకుని, నీ కడుపు చల్లగుండాలమ్మా, నా పాలిట దేవతవి అంటోంది. ఆ మాటల మధ్యలో నోరు ఎలా తెరవాలో చిన్నమేస్త్రీకి తెలియలేదు. అది తేల్చుకునేలోపే బావని చక్రాల మంచం మీద తీసుకుపోయారు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. కంటి లోపల గ్యాస్ బుడగ నింపారు. అది పైకి తేలుతూ పొరని గోడకి అదిమి పట్టుకోవాలి కాబట్టి పది రోజులు మొహం కిందికి పెట్టుకునే ఉండాలి. తినడం, తాగడం, నిద్రపోవడం అన్నీ అలాగే. చిన్న ఆస్పత్రి, వార్డు ఒకటే, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్యలో చెక్క అడ్డం.

బావకి మనుషులు పాదాలయిపోయారు. అక్క మడమ పగుళ్ళు, నర్సు తెల్లచెప్పులు, ఊడ్చేవాడి చీపురు కొస. సోమవారం పొద్దున చిన్నమేస్త్రీ మంచం పక్కన నిలబడితే కింద నుంచి మాట వచ్చింది.

"ఏరా, ఆ బొటనవేలితో నేల అలా గీకుతావేం? బావి తవ్వుతున్నావా?"

"చెప్పేస్తాను బావా."

"ఎవరికి?"

"అక్కకి. డాక్టరమ్మకి. పిండిమరావిడకి ఇంకా చెయ్యలేదు, సాయంత్రం చేస్తారట."

"చెప్తే ఆవిడకి పొద్దున్నే చేస్తారా? ఆదివారం వెనక్కొస్తుందా?" బావ గొంతు దిండులోంచి మూలిగినట్టు వచ్చింది. "కన్ను వచ్చిందనుకో, ఎన్ని రోజులని ఎవడూ అడగడు. వస్తుందని డాక్టరమ్మే అందిగా. మీ అక్కకి తెలిస్తే నిన్ను నిలువునా రెండు పలకలు కోస్తుంది. తోసేదీ తనే, లాగేదీ తనే. నోరు మూసుకుని ఆ నీళ్ళ గొట్టం ఇటు పెట్టు."

ఆ మాట చిన్నమేస్త్రీ బుర్రలో మేకులా దిగిపోయింది. కన్ను వస్తే ఎవడూ అడగడు. వస్తే తను అన్నది అబద్ధమే కాకుండా పోతుంది. రావాలి. వచ్చి తీరాలి. ఆ రోజు నుంచి అతనికి ఇంకో పని లేదు.

మర్నాటి నుంచి చెక్క అడ్డానికి అటువైపు పిండిమరావిడ కూడా బోర్లా పడుకుంది. ఆవిడకంటూ ఎవరూ లేరు. అక్క వండిన అన్నం క్యారేజీలో ఆవిడకి కూడా చిన్నమేస్త్రీయే పట్టుకెళ్ళేవాడు. చెంచా చేతికి అందించి పక్కన నిలబడేవాడు.

"మీ తమ్ముడు బంగారం అమ్మాయ్," అనేది ఆవిడ అడ్డానికి ఇవతల ఉన్న అక్కతో, నేలతో మాట్లాడుతున్నట్టు. "ఒక్కరోజులో తీసుకొచ్చాడు మొగుణ్ణి. నాకూ ఇలాంటివాడు ఒకడుంటే బుధవారమే రెక్క పట్టుకుని లాక్కొచ్చేవాడు. నేనేమో మరలో గోధుమలున్నాయి, ఇవి అయ్యాక వెళ్దామని కూర్చున్నా. బుద్ధిలేని దాన్ని."

"అలా అనకు పిన్నీ," అన్నాడు చిన్నమేస్త్రీ.

"అంటే తప్పేముంది నాయనా, ఎవరి బుద్ధి వాళ్ళకి తెలియదూ."

అతను క్యారేజీ మూత పెట్టి బయటికి వచ్చి, కుళాయి కింద ఆ గిన్నెలు అవసరం లేనంతసేపు కడిగాడు.

పది రోజులయ్యాక, ఇస్త్రీబండి ఆవిడ మాటలు ఊరంతా తిరిగిన రోజే, అప్పటికి ఇంటికి చేరిన బావ మొహం పైకెత్తాడు. బుడగ ఇంకా ఉంది. రసమట్టంలో బుడగలాగే తల ఎటు వంచితే అటు దొర్లుతోందన్నాడు. దాని పైన మాత్రం మబ్బుగా ఏదో వెలుతురు. రోజురోజుకీ వెలుతురు పైనుంచి దిగుతూ వచ్చింది, బుడగ కిందికి చిక్కుతూ వచ్చింది. మూడో వారంలో పెసరగింజంత అయి, ఒక పొద్దున చూసుకుంటే లేదు. తెర లేదు. చీకటి లేదు. అక్క వీధిలో అందరికీ చెప్పింది. చిన్నమేస్త్రీ ఆ రాత్రి, ఎన్నాళ్ళకో, కడుపు నిండా తిన్నాడు.

రెండో నెలలో ఒక సెలవు రోజు పొద్దున బావ అతన్ని మిల్లుకి తీసుకెళ్ళాడు. ఎవరూ లేరు. మోటారు ఆగి ఉంది. బావ ఒక పలక మీద నూలుదారానికి సుద్ద రాసి రెండు కొసలా బిగించి, మధ్యలో లాగి వదిలాడు. తెల్లటి గీత పడింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"సూటిగా ఉంది బావా. నువ్వు కొట్టిన గీత వంకరెప్పుడు పోయింది?"

బావ ఎడమకన్ను మూశాడు. చాలాసేపు చూశాడు. "నడుమ దగ్గర పాము గుడ్డు మింగినట్టుంది," అన్నాడు. రెండు కళ్ళూ తెరిచాడు. "ఇప్పుడు రెండు గీతలున్నాయి. ఒకటి సూటిగా, ఒకటి గూనిగా. ఏది నిజమో నాకు తెలుసనుకో. చేతికి తెలియదు." అని వేలు చాపి ఆగి ఉన్న రంపం పన్ను మీద ఆనించబోయాడు. వేలు పన్నుకి ఇవతలే, జానెడు గాలిలో ఆగింది. ఇంకోసారి చాపాడు. ఈసారి నేరుగా వెళ్ళి పళ్ళకి గుచ్చుకుంది.

చిన్నమేస్త్రీ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. పన్నెండేళ్ళలో బావ చేతిని రంపం దగ్గర నుంచి లాగడం అదే మొదలు. బావ వేలి మీద నెత్తురుబొట్టు చూసుకుని, "మోటారు వేసుంటే నాకు కూడా ఇస్త్రీబండి పెట్టిద్దువు గానీ," అన్నాడు. నవ్వడానికి ఇద్దరికీ చాతకాలేదు.

యజమాని అప్పటికే రెండో రంపం బిగించేశాడు. మాట తప్పే మనిషి కాదు. మొదటి రంపం మీద పక్క జట్టువాణ్ణీ, కొత్తదాని మీద చిన్నమేస్త్రీనీ నిలబెట్టాడు. బావని గేటు దగ్గర లారీల్లోకెక్కే పలకలు లెక్కపెట్టమన్నాడు. తను పన్నెండేళ్ళు కలగన్న చోట నిలబడి, దుంగ తోస్తూ, చిన్నమేస్త్రీ రోజుకి వందసార్లు గేటు వైపు చూసేవాడు. అక్కడ బావ తల ఒక పక్కకి వాల్చి, కోడిపెట్టలాగా, ఒక కంటితో పలకలు చూసుకుంటూ ఉండేవాడు.

చూపు కుదురుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ ఒకసారి అంది. అతను ఆ ముక్క పట్టుకున్నాడు. ఒక పలక సాపు చేసి, దాని మీద నల్లరంగుతో అక్షరాలు రాశాడు. పైన అరచేయంత అక్షరం ఒకటి, కిందికి పోను పోను చిన్నవి, ఆఖరి వరస గోరంత. దాన్ని అక్క వంటగది గోడకి వేలాడదీసి, రోజూ పొద్దున్నే బావని గుమ్మంలో నిలబెట్టి, ఎడమకన్ను అరచేత్తో మూయించి చదివించేవాడు. మొదటి రోజు ఒక్క అక్షరం. వారానికి రెండో వరస. ఇంకో వారానికి మూడోది.

"ఈ వయసులో వీడు నీకు పలకాబలపం పట్టించాడేం," అనేది అక్క. "స్కూల్లో కూడా ఇంత శ్రద్ధగా చదివుండవు."

"అప్పుడు ఇలాంటి మాస్టారు దొరకలేదు," అనేవాడు బావ.

మూడో నెల ఆఖరికి బావ ఐదు వరసలు చదివాడు. ఐదో వరస చదివిన రోజు చిన్నమేస్త్రీ పెరట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఇంకొక్క వరస వస్తే చాలు. గీత సర్దుకుంటుంది. రంపం బావకి ఇచ్చేసి తను మళ్ళీ అవతలికి పోతాడు. పిండిమరావిడ కన్నుకి కూడా ఏదో ఒక దారి దొరుకుతుంది. ఎవరూ ఏమీ అడగరు.

మూడు నెలల పరీక్షకి ఆస్పత్రిలో అవే కుర్చీలు, అదే గోడ. పిండిమరావిడ ముందే వచ్చి కూర్చుని ఉంది. ఈసారి కనుబొమల్లో పిండి లేదు.

"మర ఆపేశానమ్మాయ్," అంది అక్కతో, అడగకుండానే. "కొలతడబ్బా అంచు ఎక్కడుందో తెలియట్లేదు. సగం లోపల పోస్తా, సగం వచ్చినవాళ్ళ కాళ్ళ మీద పోస్తా. మొన్న బెల్టు మీద చెయ్యి పెట్టబోయాను. రెండో కన్ను ఎప్పుడో చిన్నప్పుడే మందగించిందిగా. ఈ కన్నే నాకు కన్ను."

ఆ ఆఖరి మాట చిన్నమేస్త్రీకి అంతకు ముందు తెలియదు.

డాక్టరమ్మ ముందు ఆవిణ్ణే చూసింది. పొర చక్కగా అంటుకుందనీ, ఆపరేషన్ నిలబడిందనీ, నడిమి చూపు మాత్రం ఇక ఇంతేననీ చెప్పింది. ఆవిడ తల ఊపి, చుక్కలు వేసిన కన్ను దూదితో అద్దుకుంటూ కుర్చీలోనే కూర్చుండిపోయింది. తర్వాత బావని అక్షరాల బోర్డు ముందు నిలబెట్టారు. బావ పైన ఉన్న పెద్ద అక్షరం చెప్పాడు. ఆగాడు.

"కిందది?" అంది డాక్టరమ్మ.

"ఏదో ఉందమ్మా. వంకరగా కదులుతోంది."

"కిందది చదువు బావా," అన్నాడు చిన్నమేస్త్రీ. "ఐదు వరసలు చదివావుగా. డాక్టరమ్మా, ఇంట్లో ఐదు వరసలు చదివాడు."

బావ అరచెయ్యి కంటి మీంచి తీశాడు. "నీ పలక బట్టీ పట్టానురా," అన్నాడు. "రోజూ పొద్దున్నే నా మొహంలోకి అలా చూస్తూ నిలబడితే ఏం చెయ్యను."

చిన్నమేస్త్రీ చెవుల్లో మోటారు వేసినట్టు హోరుమంది. ఆ హోరులోంచి అక్క గొంతు వినబడింది. డాక్టరమ్మ మీదికి వెళ్ళింది అక్క. ఒక్కరోజే అన్నారు, చాలావరకు వస్తుందన్నారు, నా మొగుడు గేటు దగ్గర కాపలాకుక్కలా కూర్చున్నాడు, ఏం చేశారు మీరు ఆ కంట్లో అని అడిగింది. చుట్టూ కుర్చీల్లో వాళ్ళందరూ, మూసిన కళ్ళతోనే, ఇటు తిరిగారు.

డాక్టరమ్మకి కోపం రాలేదు. కాగితాలు వెనక్కి తిప్పింది. కంటికి తీసిన బొమ్మ ఒకటి వెలుతురుకి పట్టి చూసింది.

"మీరడిగేదే నేనూ అడుగుతున్నానమ్మా. పొర అంటుకునే ఉంది. ఒక్కరోజు ఊడితే నడిమి చూపు ఇంతగా పోకూడదు. నేనే ఎక్కడో పొరపాటు చేశానేమో. ఇంకోసారి లోపలికి వెళ్ళి చూడాలా అని ఆలోచిస్తున్నాను."

"చూడండమ్మా," అన్నాడు బావ వెంటనే. "కోసి చూడండి. నాకేం ఫర్వాలేదు."

చిన్నమేస్త్రీ బావ మొహంలోకి చూశాడు. ఆ మొహంలో భయం ఉంది, అయినా అది అతన్ని కాపాడుతూ అడ్డంగానే నిలబడి ఉంది, మూడు నెలలుగా నిలబడ్డట్టే.

"ఆరు రోజులు," అన్నాడు చిన్నమేస్త్రీ.

"ఏం ఆరు?" అంది అక్క.

"ఒక్కరోజు కాదు. సోమవారం పొద్దునే నాతో చెప్పాడు. శనివారం దాకా ఆగమన్నాను. రంపం వస్తుందని. నిన్న సాయంత్రం అని నేనే అన్నాను, అతను అనలేదు."

అక్క కొట్టలేదు. తిట్టనూ లేదు. నోరు ఊరికే ఉండని మనిషి, ఒక్కసారి మొగుడి వైపు చూసింది, తమ్ముడి చేతిలో ఉన్న తన సంచి తీసుకుని, రెండడుగులు పక్కకి జరిగి నిలబడింది. అతనికి ఆ రెండడుగులు దాటడం ఇక తన వల్ల కాదనిపించింది.

డాక్టరమ్మ కాగితం మీద ఒక మాట కొట్టేసి పైన ఇంకోటి రాసింది. "అయితే మళ్ళీ తెరవడం అనవసరం. ఆరు రోజులకి ఇంతే వస్తుంది," అంది. "కంట్లోకి చూస్తే రోజులు రాసి ఉండవు. మీరు చెప్పిందే నేను రాసుకుంటాను." అంత మాత్రమే కసిరింది.

చిన్నమేస్త్రీ పక్క కుర్చీ వైపు చూడకుండా ఉండాలనుకున్నాడు. చూశాడు. పిండిమరావిడ దూది ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ప్రతి మాటా వింటోంది. వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతోంది. బుధవారం నుంచి సోమవారం దాకా వచ్చి, ఆరో వేలు దగ్గర ఆగింది.

"డాక్టరమ్మా," అన్నాడు. "ఆ శనివారం సాయంత్రం ఈవిడకే చేసుంటే?"

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. తలుపు వైపు చూసింది. చెప్పకుండా దాటేసే దారి కనబడనట్టు, చివరికి అంది.

"ఖాయంగా ఎవరూ చెప్పలేరు. నాలుగు రోజులకీ ఆరు రోజులకీ పెద్ద తేడా ఉండకపోవచ్చు. కొంచెం మెరుగ్గా వచ్చేదేమో."

"కొంచెమేగా?" అన్నాడు చిన్నమేస్త్రీ. ఆ మాటని రెండు చేతులా పట్టుకున్నట్టు అన్నాడు. "కొంచెమేగా డాక్టరమ్మా?"

"ఆ కొంచెం నాది," అంది పిండిమరావిడ.